ఎందరు పిల్లలని అడిగాం, ఎన్ని కోతలని అడగలేదు

గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్ కౌంటర్లో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. ఉదయం షట్టర్ తీసేసరికే మెట్ల మీద నలుగురైదుగురు కడుపుతో ఉన్నవాళ్లు ఉంటారు. పక్కన అమ్మో అత్తో, చేతిలో బట్టల షాపు కవరు, ఆ కవర్లో మడతలు పడ్డ పాత రిపోర్టులు. ఒక్కొక్కరికీ ఫారం ఎఫ్ నింపాలి. పేరు, వయసు, భర్త పేరు, అడ్రసు, ఏ డాక్టరు పంపారు, ఆఖరి నెలసరి ఏ తేదీ. ఆ తరవాత బతికున్న పిల్లలెందరు, అందులో మగపిల్లలెందరు, వాళ్ల వయసెంత, ఆడపిల్లలెందరు, వాళ్ల వయసెంత. చివర్లో, పుట్టబోయేది ఆడో మగో నాకు తెలుసుకోవాలని లేదని ఆమె సంతకం, నేను చూడలేదూ చెప్పలేదూ అని డాక్టరు సంతకం. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం పెట్టిన కాగితం అది. తప్పు నింపితే మెషిన్‌కి సీలు పడుతుందన్న భయం మాకెప్పుడూ ఉంటుంది, అందుకే నిద్రలో లేపి అడిగినా ఆ గడులు వరసగా చెప్పేస్తాను.

ఆ వరసలో లేని ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లలు ఎట్లా పుట్టారు? నార్మలా, పెద్దాపరేషనా, ఎన్ని కోతలు? ఆడపిల్లలెందరో అడిగి, వాళ్ల వయసులడిగి, తల్లి పొట్ట మీద ఎన్నిసార్లు కత్తి పడిందో అడగని కాగితం అది. తప్పు కాగితానిది కాదులెండి, దాన్ని పెట్టిందే వేరే పనికి. కానీ మా కౌంటర్లలో కాగితం అడిగిందే మేం అడుగుతాం. కాగితం అడగనిది లోపలి గదిలోకి చేరదు.

ఇది నేను తెలుసుకున్నది మా ఇంట్లోనే. తప్పూ నాదే.

మా చిన్న తోడికోడలికి మూడోసారి నెల తప్పింది. ఇద్దరూ ఆడపిల్లలే. మూడోది ఎందుకొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. పెద్దదాన్ని ముహూర్తం చూసి ఆపరేషన్ చేసి తీశారు. పంతులుగారు రాసిచ్చిన టైం ఉదయం ఆరూ నలభైకి, నొప్పులు ఇంకా మొదలే కాలేదు. రెండోది, మొదటిది సిజేరియన్ కాబట్టి ఇదీ సిజేరియనే. ఏడో వారంలో పొన్నూరు నుంచి మా సెంటర్‌కే తీసుకొచ్చారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. మనవాళ్లే కదా అని లైను తప్పించి లోపలికి పంపాను. ఫారం నేనే నింపేశాను, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా. అన్నీ తెలుసుగా నాకు! ఇద్దరాడపిల్లలు, ఆరూ మూడూ వయసులు. వేరే ఎవరైనా అయ్యుంటే డాక్టరు స్లిప్పు చూసేదాన్ని, కవర్లో పాత డిశ్చార్జి కాగితాలుంటే తీసి చూసేదాన్ని. మనిషి తెలిసింది కావడంతో కాగితాలు చూడలేదు. లోపల మేడం నాలుగు నిమిషాల్లో చూసేసి గుండె కొట్టుకుంటోందని చెప్పారు. రిపోర్టు టైపు చేసిందీ నేనే. కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మూస అది. లోపల ఒకటే బిడ్డ, గుండె చప్పుడు ఉంది, ఇన్ని వారాలు, ఇన్ని మిల్లీమీటర్లు. అంకెలు మార్చాను, ప్రింటు తీశాను. మా అత్తయ్య కౌంటర్ దగ్గరే అందరికీ పూతరేకులు పంచింది.

ఆ మూసలో, పిండం తిత్తి గర్భసంచిలో ఎక్కడ కూర్చుందో చెప్పే వరస లేదు. పాత కుట్టుకి ఎంత దూరంలో ఉందో చెప్పే వరస అసలే లేదు.

మాయ గురించి, అంటే డాక్టర్లు ప్లాసెంటా అనే దాని గురించి కాస్త చెప్పాలి. మన ఇళ్లలో మాయ గుర్తొచ్చేది కాన్పయ్యాకే. బిడ్డ బయటపడ్డాక గది బయట నుంచి పెద్దవాళ్లు అడిగే రెండో మాట ‘మాయ పడిందా?’ అని. అది పడితేనే కాన్పు అయినట్టు. పడకపోతే ఏమవుతుందో పాత తరం ఆడవాళ్లకి బాగా తెలుసు, మనం మరిచిపోయాం. అది తొమ్మిది నెలలూ లోపల ఎక్కడ అతుక్కుని ఉందో ముందే చూసే మెషిన్లు సందుకొకటి వచ్చాక కూడా మనం తెరవైపు చూసి అడిగేది చేతులూ కాళ్లూ బాగున్నాయా అనే. ఇంకొంచెం తెగించినవాళ్లు డాక్టరు బయటికెళ్లాక నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగేది ఆడా మగా అనే. పదకొండేళ్లలో ‘మాయ ఎక్కడుందమ్మా’ అని అడిగిన కుటుంబం నాకు తగల్లేదు.

ఇడ్లీ రేకులో తడిగుడ్డ పరిచి పిండి పోస్తాం కదా, ఉడికాక గుడ్డ ఎత్తితే ఇడ్లీ చక్కగా ఊడొస్తుంది. గర్భసంచి లోపలి పొర ఆ తడిగుడ్డ లాంటిది. బిడ్డ పుట్టాక మాయ ఆ పొర దగ్గర విడిపోయి బయటికొస్తుంది. సిజేరియన్ కోసిన చోట కండ మానుతుంది గానీ ఆ పొర ముందున్నట్టు తిరిగి రాదు. తరవాతి కాన్పులో మాయ సరిగ్గా ఆ కుట్టు మీదే కూర్చుంటే గుడ్డ లేని రేకు మీద పిండి పోసినట్టే. కండకి అంటుకోవచ్చు, కండలోకి దిగొచ్చు, మరీ ముదిరితే సంచి దాటి ముందున్న మూత్రాశయం దాకా రావచ్చు. డాక్టర్లు మూడింటికీ మూడు పేర్లు పెట్టారు: అక్రీటా, ఇంక్రీటా, పర్‌క్రీటా. మాయ వేళ్లు తవ్వుకుంటూ పోతుందని చాలాకాలం అనుకున్నారు. తవ్వుకుపోవడం కన్నా, పలచబడిన కుట్టే విచ్చుకుని మాయకు చోటిస్తోందని ఈమధ్య కొందరు గట్టిగా వాదిస్తున్నారు. నాకా తగువు తీర్చేంత చదువు లేదు. రెండింటిలో ఏది నిజమైనా, విడిపోని మాయను చేత్తో లాగితే జరిగేది ఒకటే. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. మనిషి ఒంట్లో ఉండేదే అటూఇటుగా అయిదు లీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

ఎవరికి వస్తుందిది? అమెరికాలో ముప్పై వేలకు పైగా సిజేరియన్లను చూసి 2006లో ఒక లెక్క తేల్చారు. మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉండి, అంతకుముందు ఒక సిజేరియన్ అయ్యుంటే అతుక్కునే అవకాశం 11 శాతం. రెండయ్యుంటే 40. మూడయితే 61. మాయ పైన మామూలు చోటులోనే ఉన్నప్పుడు రెండు మూడు కోతలైనవాళ్లకి కూడా అది ఒక శాతం లోపే. కోతలున్న ప్రతి ఆడదాన్నీ భయపెట్టమని నేననడం లేదు. కోతా, కింద కూర్చున్న మాయా ఒకచోట కలిశాయా అని చూడమంటున్నాను. పైగా, నొప్పులు మొదలవకముందే చేసిన మొదటి సిజేరియన్ తరవాత ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువని చూపిన పరిశోధనలున్నాయి. ముహూర్తాలు పెట్టే పంతుళ్లకీ, పెట్టించుకునే మనకీ ఆ ముక్క ఎవరైనా చెప్పాలి.

మన సంగతి చూడండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పులకు 42 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. దేశం మొత్తానికి కలిపితే 21 దాకా ఉంది. ఈ కోతల్లో అవసరమైనవెన్నో కానివెన్నో అన్న పంచాయితీ ఇప్పుడొద్దు, అదొక పెద్ద వ్యాసం. అయిపోయిన కోతలు అయిపోయాయి. కుట్లతో ఉన్న లక్షల గర్భసంచులు మన మధ్యే తిరుగుతున్నాయి. వాటిలో మళ్లీ బిడ్డ పడినప్పుడు ఆ కుట్టునెవరైనా చూస్తున్నారా అన్నదే నా గొడవ.

ఎప్పుడు చూడాలన్నది అసలు కీలకం. ఇది తరవాత మా మేడమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పేరు తీసేసిన పాత బొమ్మల్లో చూపించారు. ఆరేడు వారాలప్పుడు తిత్తి చిక్కుడుగింజంత నల్లటి మచ్చ. గర్భసంచి పై భాగం ఖాళీగా ఉండి, ఆ గింజ కిందికి, ముందువైపుకి, మూత్రాశయం పక్కకి జారి కనబడితే అనుమానించాలి. తిత్తికీ మూత్రాశయానికీ మధ్య కండ ఎంత మందం మిగిలిందో అక్కడే కొలవొచ్చు. అయిదు నుంచి ఎనిమిది వారాల దాకే ఆ బొమ్మ అంత స్పష్టంగా ఉంటుంది. తరవాత బిడ్డ పెరిగేకొద్దీ తిత్తి పైకి సాగుతుంది, పన్నెండో వారానికి చూస్తే అంతా మామూలుగానే ఉన్నట్టుంటుంది. బిడ్డ పైకి వెళ్తుంది, మాయ మాత్రం కుట్టు దగ్గరే ఉండిపోతుంది. కుట్టులో పడ్డ గర్భమూ, ఆఖరి నెలల్లో అతుక్కుపోయిన మాయా వేరువేరు జబ్బులు కావనీ, ఒకే కథకు మొదలూ చివరా అనీ న్యూయార్క్‌లో టిమోర్-ట్రిష్ అనే డాక్టరూ ఆయన బృందమూ 2014లోనే రాశారు.

మా ఏడో వారం స్కాన్ సరిగ్గా ఆ కిటికీలో పడింది. కిటికీ తెరిచే ఉంది, మేం అటు చూడలేదు.

అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఇంకోచోట తీయించారు. మాయ ముందువైపు ఉంది, కిందికుంది అని రిపోర్టులో రాశారు. ‘నెలలు నిండేసరికి పైకి జరుగుతుందిలే’ అన్నారట అక్కడ. ఆ మాట అబద్ధం కాదు, అయిదో నెలలో కిందికున్న మాయలు చాలావరకు తరవాత పైకే వెళ్తాయి. కానీ రెండు కుట్లున్న మనిషికి, మాయ ముందువైపునే కిందికుంటే, ఆ మాట చెప్పి పంపేయకూడదు. అక్కడా ఎవరూ ఎన్ని కోతలని అడగలేదో, అడిగినా పట్టించుకోలేదో నాకు తెలియదు. కోప్పడే అర్హత నాకు లేదు కాబట్టి దాన్నక్కడితో వదిలేస్తాను.

ముప్పయ్యో వారంలో ఒక తెల్లవారుజామున ఫోనొచ్చింది. ‘అక్కా, నొప్పేం లేదు, బ్లీడింగ్ మాత్రం అవుతోంది, చాప తడిసిపోయింది.’ గుంటూరులో చేర్చిన చోట ఉన్న పెద్ద డాక్టరమ్మ కేసు షీటు కూడా తెరవకుండా అడిగిన మొదటి మాట ‘ఎన్ని సిజేరియన్లమ్మా?’ అని. రెండని చెప్పగానే ఆమె ముఖం మారడం నేను చూశాను. రక్తం ఆగాక, మూత్రం పోనివ్వకుండా ఉంచి స్కాన్ చేయించారు. మూత్రాశయం నిండితే గర్భసంచికీ దానికీ మధ్య తెల్లటి గీత తేటగా కనిపిస్తుంది. ఆ గీత మూడుచోట్ల తెగి ఉంది. మాయ వెనక సన్నగా నల్లగా కనబడాల్సిన గీత అసలే లేదు. మాయ లోపలంతా, దిబ్బరొట్టె తుంచితే కనిపించే బొక్కల్లా అడ్డదిడ్డంగా నల్లటి గుంటలు. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పెట్టేసరికి ఆ గుంటల్లో రక్తం సుడులు తిరుగుతోంది. సరైన కళ్లు చూస్తే స్కాన్ దీన్ని చాలావరకు పట్టేస్తుంది. ఇలాంటి పరిశోధనలెన్నిటినో కలిపి చూసిన 2013 నాటి ఒక విశ్లేషణలో, వందకు 90 కేసులు అల్ట్రాసౌండ్‌లోనే తేలాయి. ఎమ్మారై కావాల్సింది మాయ వెనకవైపున్నప్పుడో, ఎంత లోతుకు వెళ్లిందో తేలనప్పుడో. అంటే మనకు తక్కువైంది మెషిన్ కాదు.

‘ఇది మా దగ్గర చేసేది కాదు’ అని ఆవిడ నిజాయితీగా చెప్పి, వారధి దాటించి విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి పంపారు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. అక్కడ నాలుగు వారాలు మంచం మీదే ఉంచారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్లిచ్చారు. ముప్పై నాలుగో వారం దాటగానే ఆపరేషన్ అన్నారు. తొమ్మిది నెలలూ నిండేదాకా ఆగితే నొప్పులో బ్లీడింగో ముందే వచ్చి అర్ధరాత్రి పరుగులు పెట్టాల్సొస్తుందని. అన్నీ పగటి పూటే, అందరూ ఉన్న రోజే. మత్తు డాక్టర్లు ఇద్దరు, మూత్రకోశ సర్జన్ ఒకరు, పిల్లల డాక్టరు, బ్లడ్ బ్యాంకులో మా మరిది ఫ్రెండ్స్ పదకొండు మంది. సంచిని మామూలు చోట కాకుండా పైన, మాయ లేని చోట కోసి బిడ్డను తీశారు. మాయను ముట్టుకోలేదు. బొడ్డుతాడు ముడేసి, మాయ లోపలుండగానే గర్భసంచిని తీసేశారు. ఆరు యూనిట్ల రక్తం ఎక్కించారు. బిడ్డ రెండు కిలోల వంద గ్రాములు, ఆడపిల్ల. ఆ సాయంత్రం ఐసీయూ బయట కూర్చున్న మా అత్తయ్య ఏ పిల్లా అని అడగలేదు. ‘నా కోడలు కళ్లు తెరిచిందా’ అని మాత్రం అడిగింది.

అదృష్టం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ముప్పయ్యో వారంలో ఆ బ్లీడింగే కాకపోయుంటే, ఏ చిన్న నర్సింగ్ హోములోనో ముహూర్తం పెట్టుకుని టేబుల్ మీద పడుకునేది. బిడ్డను తీశాక మాయ రావట్లేదని ఎవరో లాగేవాళ్లు. ఫ్రిజ్‌లో రక్తం రెండు ప్యాకెట్లుండేదేమో.

ఇదంతా చెబితే నాకు మూడు రకాల సమాధానాలొచ్చాయి. మొదటిది మా సెంటర్లోనే: రోజుకి నలభై స్కాన్లు, ప్రతిదాంట్లో కుట్టు చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి తేలతామా? ప్రతిదాంట్లో అక్కర్లేదు. కోత ఉన్నవాళ్లలో చూస్తే చాలు. కోత ఉందని ముందే తెలిస్తే అదనంగా పట్టేది రెండు మూడు నిమిషాలు. రెండోది, కడుపుతో ఉన్నవాళ్లను ముందే బెదరగొట్టకూడదని. ఈ మాట అనేవాళ్లు మంచివాళ్లే. కానీ ఇదే జనం టిఫాలో చెవి చిన్నగా ఉందంటే హైదరాబాద్ దాకా పరిగెడతారు. బిడ్డ గురించి భయపడే హక్కుంది, తల్లి గురించి భయపడే హక్కు లేదా? మూడోది, ఆ వారాల్లో కుట్టును సరిగ్గా చూడాలంటే ‘లోపలినుంచి’ స్కాన్ చేయాలి, అంటే ట్రాన్స్‌వెజైనల్. దానికి సిగ్గు ఒకటి, కడుపు పోతుందన్న భయం ఒకటి. సిగ్గు సంగతి నేనేం చేయలేను, తలుపేసి కర్టెన్ లాగి ఆయమ్మను తోడుంచుతాం. కడుపు పోతుందన్నది మాత్రం ఒట్టి మాట. మాయ కిందికున్నవాళ్లకి కూడా అది జాగ్రత్తగా చేయొచ్చు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరే ఉంది, అది నా తోడికోడలే అడిగింది. పాప మొదటి పుట్టినరోజు నాడు, వంటింట్లో, బూరెలు వేయిస్తూ. ‘ఏడో వారంలోనే తెలిసుంటే ఏం చేసేవాళ్లం అక్కా?’ నాకు తెలుసు జవాబు. అంత ముందుగా తెలిస్తే డాక్టర్లు తీసేయించుకోవడం గురించి కూడా చెప్తారు. చెప్పి తీరాలి. అప్పట్లో తీసేస్తే గర్భసంచి దక్కే అవకాశం ఎక్కువ, ప్రాణాపాయం తక్కువ. మా ఇంట్లో అందరం ఆ దారినే పట్టించేవాళ్లం, ఇద్దరు పిల్లలున్నారుగా అని. అప్పుడు ఈ పిల్ల ఉండేది కాదు. ఉంచుకుంటే ఉంచుకోవచ్చు కూడా. కుట్టు మీద పడ్డ ప్రతి గర్భమూ ప్రాణం మీదికి తేదు, కొందరు కంటిపాపలా కనిపెట్టుకుంటూ ముప్పై నాలుగు వారాల దాకా లాక్కొస్తారు. కానీ అది తెలిసి ఎంచుకునే దారి. మాకు దొరికింది తెలియక నడిచిన దారి. ఫలితం ఒకటే కదా అని ఎవరైనా అనొచ్చు. నా మనసు ఒప్పుకోదు. ఆ నిర్ణయం ఆమెది, ఆమె ఒంటిది. దాన్ని ఆమె దగ్గరకు చేరనివ్వనిది నేను ఖాళీగా వదిలేసిన ఒక్క ప్రశ్న. బూరెలు మాడుతున్నాయని మాట మార్చాను ఆ రోజు.

ఆ తరవాత ఒకరోజు ఫారం ఎఫ్ రెండో పేజీ నిదానంగా చదివాను. స్కాన్ ఎందుకు చేస్తున్నారో టిక్ పెట్టడానికి ఇరవై మూడు కారణాల జాబితా ఉంటుందందులో. ఇన్నేళ్లూ అలవాటుగా మొదటి దానికో రెండోదానికో టిక్ పెట్టి పడేసేదాన్ని. ఆ జాబితాలో మాయ ఎక్కడుంది, ఎంత మందముంది, అసహజంగా అతుక్కుందా అన్నది ఒక కారణం. పాత సిజేరియన్ కుట్టును పరిశీలించడం ఇంకో కారణం. రెండూ ప్రభుత్వమే అచ్చు వేసి ఇచ్చింది. నా కళ్ల ముందు రోజుకి నలభైసార్లు పోయింది ఆ కాగితం.

చట్టం మార్చమని నేనడగడం లేదు. పంపే డాక్టర్లు స్లిప్పు మీద ఒక్క ముక్క రాయమంటున్నాను: ఎన్ని సిజేరియన్లు. వాటితో పాటు గర్భసంచి గీకించుకోవడం, గడ్డలు తీయించుకోవడం, ఐవీఎఫ్ కూడా రాస్తే ఇంకా మేలు, అవీ ముప్పును పెంచేవే. ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చూసే మాతృత్వ అభియాన్ రోజున, ముప్పున్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఆ స్టిక్కర్ ఉన్న కార్డు స్కాన్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో బీరువాలో ఉంటే ఏం లాభం? ఆశా కార్యకర్తలు కార్డు వెంట తీసుకెళ్లమని చెప్తే చాలు. కోత ఉన్నవాళ్లకి మొదటి స్కాన్ ఎనిమిది వారాల్లోపే పెట్టించాలి. మా లాంటి సెంటర్ల మూసలో రెండు వరసలు కలపాలి. మా మేడం ఒప్పుకున్నారు, కలిపాం. కుదరదన్న సెంటర్లూ ఉన్నాయి, టెంప్లేటు మార్చడానికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలట!

నేను మాత్రం అరండల్‌పేటలో నూట ఎనభై రూపాయలిచ్చి ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. ‘పాత ఆపరేషన్లు ఎన్ని?’ అని, పక్కన చిన్న గడి. ప్రతి స్లిప్పు మీదా ఎర్ర సిరాతో కొడతాను. తెలిసినవాళ్లయితే రెండుసార్లు అడుగుతాను.

మొన్న బుధవారం పెదకాకాని నుంచి ఒకమ్మాయి వచ్చింది, తోడు అమ్మ. ఆరు వారాలు దాటింది. స్టాంపు కొట్టి అడిగాను.

‘రెండమ్మా,’ అంది తల్లి, ‘రెండూ మంచి ముహూర్తానికే. మూడోదానికి కూడా పంతులుగారిని అడిగే ఉంచాం.’

గడిలో రెండు అని వేశాను. స్లిప్పు లోపలికెళ్లిన నిమిషానికే ఇంటర్‌కమ్ మోగింది. ‘రెండని రాశావు, నిజమేనా? మూత్రానికి వెళ్లకుండా ఒక అరగంట కూర్చోబెట్టు.’

ఫ్రిజ్ మీదున్న నీళ్ల సీసా ఆ అమ్మాయి చేతికిచ్చి, ఫ్యాను కింద కుర్చీ చూపించాను.